గీసుకున్న కనుబొమ్మలు

తొమ్మిదేళ్లుగా నేను రెండు అబద్ధాలతో బతుకుతున్నాను. ఒకటి ముఖం మీదిది. సాయంత్రం సబ్బు పెట్టి కడిగితే పోతుంది. రెండోది ఎక్కడుందో నాకే సరిగ్గా తెలియదు. ఛాతీలోనో, గొంతులోనో. అన్నం తినేటప్పుడు ఒక్కోసారి అడ్డం పడుతుంది. మొదటిది మా ఇంటామెకు తెలుసు. రెండోది ఆమెకూ తెలియదు. మీకే మొదట చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. అలాగైతేనే ఈ చెయ్యి కదిలేట్టుంది.

మా ఊరు కదిరి నుంచి బస్సులో ముక్కాలు గంట. నాకు భూమి లేదు. వరసగా శనక్కాయ ఎండిపోయిన ఏళ్లలో మా ఊరి నరసింహప్ప తన బోరులో మిగిలిన కాస్త నీళ్లను నమ్ముకుని మల్బరీ నాటాడు, చేను పక్కనే షెడ్డు వేశాడు. అందులో పట్టుపురుగులు పెంచే పని నాది. నాతోపాటు ఓబులక్క. ఆకు కోసుకొచ్చేది, మేపేది ఆమె. షెడ్డు శుభ్రం, మందు నా వంతు. పట్టుపురుగు చాలా సున్నితం. పంట షెడ్డులో ఉన్నన్నాళ్లూ బయటివాళ్లను గడప తొక్కనివ్వం. మేం కూడా స్నానం చేసి, వాకిట్లో పెట్టిన మందునీళ్లలో కాళ్లు ముంచి లోపలికి పోతాం. మైల తగిలితే పురుగు చస్తుందని నరసింహప్ప నమ్మకం. నాదీ అదే నమ్మకం. ఇది గుర్తుంచుకోండి, తర్వాత జరిగిందంతా దీని మీదే నడిచింది.

నా కనుబొమ్మలు రాలడం ఒక ఎండాకాలం మొదలైంది. ముఖం తుడుచుకుంటే తువ్వాలుకు నాలుగైదు వెంట్రుకలు అంటుకున్నాయి. పట్టించుకోలేదు. నెల తిరిగేసరికి రెండు బొమ్మల చివరలూ పోయాయి. ఇంకో రెండు నెలలకు మధ్యలో ఏదో మరిచిపోయినట్టు కొన్ని వెంట్రుకలు మిగిలాయి, తర్వాత అవీ లేవు. దాంతోపాటు చర్మం. ముక్కు పక్కల, చెవుల వెనక, నుదుటి మీద ఎర్రగా కందిపోయి పొట్టు లేచేది. వేయించిన శనక్కాయ గింజను నలిపితే పొర రాలుతుందే, అలాగ. రంగు మాత్రం తెలుపు. చొక్కా భుజాల మీద దులుపుకుని లేచేలోపల మళ్లీ రాలేది.

ఉల్లిగడ్డ రసం రుద్దాను. ఆముదం రాశాను. ఊళ్లో ఎవరో చెబితే మేకపాలు పూశాను. వాసన తప్ప ఏమీ మిగల్లేదు.

కనుబొమ్మలు పోతే మా ప్రాంతంలో ఏమంటారో మీకు చెప్పాలా? పెద్దరోగం అంటారు. కుష్ఠు అన్న మాట కూడా నోటితో అనరు. నా చిన్నప్పుడు మా వీధిలో కనుబొమ్మలు లేని ముసలాయన ఒకడుండేవాడు. ఆయన దోసిలి పడితే ఆడవాళ్లు పైనుంచి నీళ్లు పోసేవాళ్లు. మేం పిల్లలం ఆయన నీడ తొక్కకుండా దూకి దాటేవాళ్లం. అది మాకు ఆట. అద్దంలో చూసుకున్న ప్రతిసారీ ఆ దూకడం గుర్తొచ్చేది. ఇప్పుడు నా నీడను ఎవరు దూకుతారు? నా కూతురితో బడిలో ఎవరు కూర్చుంటారు? నరసింహప్ప నన్ను గడప లోపలికి రానిస్తాడా? ఈ మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోయేవాణ్ని. ఆ షెడ్డు తప్ప నాకు వేరే బతుకు లేదు.

మొదట కనిపెట్టింది ఓబులక్కే. ఆమెకు రెండు చేతులకూ మణికట్టు నుంచి మోచెయ్యి దాకా బొల్లి మచ్చలు, సున్నం చేత్తో పూసినట్టు. ఎప్పటినుంచో ఉన్నాయి. ఊరు వాటికి అలవాటుపడిపోయింది. ఒకరోజు ఆకు తరుగుతూ నా ముఖం వంక చూసి, ఇంకెవరూ వినకుండా చెప్పింది. తననూ ఒకప్పుడు అదే అనుకున్నారట. అనంతపురం పెద్దాసుపత్రిలో సూదితో గుచ్చి చూశారట. నొప్పి తెలిస్తే అది కాదట. "పోయి చూపిచ్చుకోప్పా, ఊరికే సావద్దు" అంది. నేను పోయిన రోజు నా పని కూడా తనే చేసింది. నరసింహప్పకు నాకు కడుపునొప్పి అని చెప్పింది.

డాక్టరమ్మ దూదితో తాకింది, సూదితో గుచ్చింది. నొప్పి తెలిసింది. నా బతుకులో నొప్పి తెలిసినందుకు సంతోషపడింది ఆ ఒక్కసారే. చర్మం చెక్కి పరీక్షకు పంపారు, రక్తం చూశారు. అది కాదన్నారు. పొట్టుకు పైపూత రాసిచ్చారు. కనుబొమ్మలు ఎందుకు పోయాయో మాత్రం తెలియడం లేదన్నారు. వస్తాయా అంటే, చెప్పలేం అన్నారు.

అది కాదని నాకు తెలిసింది. కానీ నాకు తెలిస్తే సరిపోతుందా? కాగితం మెడలో వేలాడేసుకుని తిరగలేను కదా. అందుకే మా ఇంటామె కాటుక తీసుకున్నాను. చీపురు పుల్లతో గీసుకోవడం నేర్చుకున్నాను. తర్వాత కదిరిలో గాజుల కొట్టులో కూతురికని చెప్పి పెన్సిలు కొన్నాను. మొదటిరోజు గీసుకుని పోతే ఓబులక్క చాలాసేపు చూసి, "రెండూ ఒకే మనిషివి అనిపిచ్చేటట్ల గీసుకోప్పా" అని నవ్వింది. నేనూ నవ్వాను. నెలల తర్వాత అదే నా మొదటి నవ్వు. ఆ తర్వాత రోజూ షెడ్డులోకి పోయే ముందు ఆమె వైపు చూసేవాణ్ని. ఆమె తల ఊపితే లోపలికి పోయేవాణ్ని. నాకు అద్దం ఆమే.

ఇప్పుడు అసలు సంగతి.

పట్టుపురుగు నాలుగుసార్లు ఒళ్లు విడుస్తుంది. జ్వరానికి కూర్చుంది అంటాం. ఒక్కో జ్వరం నుంచి లేచినప్పుడు, ఆకు వేసే ముందు, వాటి మీద మందుపొడి చల్లాలి. సున్నం కలిసిన తెల్లటి పొడి. పలచటి గుడ్డలో మూటకట్టి దులిపితే మంచులా దిగుతుంది. ఆ ఏడు నా ముఖం పచ్చిగా ఉంది. మొదటిసారి చల్లినప్పుడు పొడి లేచి నుదుటి మీద, ముక్కు పక్కన పడి నిప్పు రాసినట్టు మండింది. కళ్లు నీళ్లు కారి కాటుక చెదిరింది. రెండోసారి పైపైన దులిపాను. మూడోసారి, నాలుగోసారి చల్లనే లేదు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. నాలుగోసారి ఏమనుకున్నానో గుర్తులేదు. ఏమీ అనుకోలేదేమో. ఓబులక్కను అడిగితే చల్లిపెట్టేది. ఎందుకు అడగలేదు? ఇప్పటికే ఆమెకు నా గురించి చాలా తెలుసు, ఇంకా ఏం తెలియనివ్వాలి అనిపించిందేమో. మేలు చేసినవాళ్ల మీద ఒక్కోసారి ఎందుకు కోపం వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాలుగో జ్వరం లేచిన తర్వాత ముసురు పట్టింది. మా కరువు నేల మీద అంత మంచి ముసురు చూసి ఎన్నేళ్లయిందో. ఊరంతా సంతోషంగా ఉంది. షెడ్డులో మాత్రం తేమ, ఉక్క. ఐదో రోజు పొద్దున తట్టల మీద పురుగులు కదలడం మానేశాయి. ఆ సాయంత్రానికి బిగుసుకున్నాయి. మర్నాటికి తెల్లగా, గట్టిగా, పలక మీద రాసే సుద్దముక్కల్లా అయ్యాయి. మేం దాన్ని సున్నపు రోగం అంటాం. ఇంకో రెండు రోజులైతే గూళ్లు కట్టే పురుగులు.

నరసింహప్ప వచ్చి ఒక పురుగును వేళ్ల మధ్య పెట్టి విరిచాడు. పుటుక్కున విరిగింది. నా వైపు తిరిగాడు.

"పొడి చల్లినావా?"

"చల్లినా అన్నా. నాలుగు జ్వరాలకూ చల్లినా."

"మరి యాడినుంచి వచ్చిందప్పా ఇది? ఎవురన్నా లోపలికి వచ్చినారా?"

"మేమిద్దరమే అన్నా."

ఆయన నా ముఖం వంక చూశాడు. మామూలుగా చూసి ఉండవచ్చు. నాకు మాత్రం ఆ చూపు నేరుగా కనుబొమ్మల మీదే ఆగినట్టు అనిపించింది. చెమటలు పట్టాయి. భుజాల మీద పొట్టు ఉందేమో అనుకున్నాను. ఆ క్షణంలో నేను నిజంగానే అనుకున్నాను, నా ఒంటి పొట్టు రాలడం వల్లే పురుగులు తెల్లబడ్డాయని. అది ఆయన కూడా అనుకునేలోపల ఆయన చూపును ఎటో తిప్పాలి. నా చెయ్యి లేచింది.

"ఆయక్క చేతులు చూడన్నా. తెల్లగ. ఆ చేతుల్తోనే ఆకేసేది."

నరసింహప్ప ఆ చేతుల్ని పదేళ్లుగా చూస్తున్నాడు. కానీ ఆ రోజు మొదటిసారి చూసినట్టు చూశాడు.

ఓబులక్క చేతులు దాచుకోలేదు. "ఈ చేతుల్తోనే గదప్పా ఇన్నేండ్లూ మేపింది. అప్పుడు గూళ్లు కట్టలేదా?" అంది.

"కట్నాయి. ఇప్పుడు ఎక్కువైండాయేమో అక్కా, ఎవురికి తెల్సు. రేపట్నుంచి రావద్దులే" అన్నాడు నరసింహప్ప.

ఆమె నా వైపు చూసింది. ఒక్క మాట అంటే సరిపోయేది. ఈయప్ప ముఖం కడగమను అంటే చాలు. నేను ఆ మాట కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆమె అనలేదు. కొంగు దులుపుకుని, కొడవలి గోడకు తగిలించి, నన్ను దాటి పోతూ నాకు మాత్రమే వినిపించేటట్టు అంది.

"ఎడమది కారతాండాది. ఆయప్ప చూసేలోపల తుడుచుకో."

తుడుచుకున్నాను.

చూడండి, నేను చేసింది అదీ. ఆమె వెనక పరిగెత్తలేదు. ఆమె చెప్పినట్టు తుడుచుకున్నాను.

తర్వాత చుట్టుపక్కల ఏ షెడ్డులోనూ ఆమెను రానివ్వలేదు. మాట ఆమెకంటే ముందు పోయింది. రెండు నెలలు కూలికి తిరిగి, బెంగళూరు వైపు బిల్డింగుల పనికి పోతాండానని వీధిలో ఎవరితోనో చెప్పిందట. మా ఇంటి ముందు నుంచే బస్సుకు పోయింది. నేను లోపల ఉన్నాను.

ఆ మరుసటి ఏడు పురుగుల పెంపకం గురించి శిక్షణ అంటే నరసింహప్ప నన్నే పంపాడు. అక్కడ ఒకాయన బొమ్మలు చూపించి చెప్పాడు. సున్నపు రోగం బూజు వల్ల వస్తుందట. తేమలో పెరుగుతుందట. పొడి సరిగ్గా చల్లితే ఆగుతుందట. మనిషి చర్మరోగానికీ దానికీ సంబంధం లేదట. వెనక బెంచీలో కూర్చుని విన్నాను. అంతవరకూ నాకొక ఆసరా ఉండేది, ఏమో, ఎవరికి తెలుసు అన్న ఆసరా. అది పోయింది. తిరిగొచ్చి నరసింహప్పకు అన్నీ చెప్పాను. ఇది తప్ప.

ఆమె మాట నాకు గుర్తుకు రాని రోజు లేదని చెబితే అబద్ధం. రాని రోజులు చాలా ఉన్నాయి. కూతురి చదువు, బోరు మరమ్మతు, ముఖానికి మందులు. పొట్టు తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది. కనుబొమ్మలు మాత్రం రాలేదు. ఇది శిక్ష అనుకుందామంటే, అది తప్పు కంటే ముందే వచ్చింది. అలా అనుకునే సుఖం కూడా నాకు లేదు.

పోయిన వారం పక్క ఊరి షెడ్డులో సున్నం కట్టిందని తెలిసింది. టీ కొట్టు దగ్గర ఒక కుర్రాడు, "ఓబులమ్మ చెయ్యి పడినట్టుండాదే" అన్నాడు. అందరూ నవ్వారు. వాడు ఆమెను చూసి కూడా ఉండడు. మా వైపు అదొక మాట అయిపోయింది. నేను కూడా నవ్వాను. అలవాటుగా, నోరు దానంతట అదే. ఇంటికొచ్చి ఈ కాగితం తీశాను.

ఇక్కడిదాకా రాసి మూడు రోజులు ఆపాను. రాస్తే చాలదనిపించింది.

ఈ రోజు పొద్దున పెన్సిలు ముట్టుకోలేదు. ఉత్త ముఖంతో షెడ్డుకు పోయాను. నరసింహప్ప వాకిట్లో మందునీళ్లు కలుపుతున్నాడు. నన్ను చూసి, "ఏమైందప్పా ముఖానికి?" అన్నాడు. తొమ్మిదేళ్ల నుంచి ఇంతే అన్నాను. తర్వాత పొడి సంగతి చెప్పాను. చేతుల సంగతి చెప్పాను. ఆయన కలపడం ఆపలేదు. బకెట్టులో నీళ్లు ఎప్పుడో కలిసిపోయాయి, అయినా కర్ర తిప్పుతూనే ఉన్నాడు.

"నాకు చెప్పి ఏం లాభం?" అన్నాడు చివరికి. "నాకు పోయింది ఒక్క పంట. ఆయమ్మ యాడుండాదో తెల్సా నీకు?"

తెలియదు అన్నాను.

రేపు రమ్మనలేదు. రావద్దనీ అనలేదు. ఆయన లోపలికి పోయాడు, నేను గడప బయటే ఉండిపోయాను.

మీలో ఎవరైనా ఏ కట్టడం దగ్గరైనా, చేతులకు మణికట్టు నుంచి మోచెయ్యి దాకా తెల్ల మచ్చలున్న, మా వైపు మాట మాట్లాడే ఆడమనిషిని చూస్తే, క్షమించమన్నాడని చెప్పొద్దు. అది అడిగే ముఖం నాకు లేదు. పొడి వాడు చల్లలేదట, ఆ మాట నరసింహప్పకు చెప్పినాడట, అని చెప్పండి. అంతే.

తిరిగొస్తుంటే ఎండ మొదలైంది. కనుబొమ్మలు లేనివాడికి చెమట నుదుటి మీద ఎక్కడా ఆగదు, నేరుగా కళ్లలోకి దిగుతుంది, మండుతుంది. దారి పక్కన నిలబడి ముఖం తుడుచుకున్నాను. తువ్వాలు తిప్పి చూశాను. నలుపు అంటలేదు.