తంబూరా మీద మసి

"అమ్మమ్మా, ఇల్లంతా రోజుకి రెండుసార్లు తుడుస్తావు కదా, మరి ఆ తంబూరా మీద ఒక్కచోట నల్లగా ఎందుకు వదిలేశావు?" అని మొన్న ఆదివారం పుణె నుంచి వీడియో కాల్‌లో అడిగావు చిట్టీ, పక్కనుంచి తమ్ముడు ఫోను లాక్కోబోతుంటే. మసిలేవే, అని నవ్వేసి ఊరుకున్నాను. ఫోను పెట్టేశాక వెళ్లి దాని దగ్గర కూర్చున్నాను. చలికాలం రాయపూర్ గాలికి ఒక వాసన ఉంటుంది, తడి ఇనుముదీ బొగ్గుదీ కలిసినట్టు. అది ముక్కుకి తగిలితే చాలు, ఇరవై ఏళ్ల కిందటి ఆ సాయంత్రపు గాభరా ఇప్పటికీ గుండెల్లోకి వచ్చి కూర్చుంటుంది.

మీ అమ్మ చిన్నప్పుడు సిల్తారా వైపు ఇనుము ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. ఉత్తరపు గాలి తిరిగిందంటే ఆరేసిన చీర మీద, డాబా మీద ఎండబెట్టిన వడియాల మీద, మంచినీళ్ల బిందె మీద, ఆఖరికి పిల్లల దిండ్ల మీద కూడా సన్నటి నల్లపొడి. రైల్వే క్వార్టర్‌లో రెండు గదులే అయినా నా చేతిలో తడిగుడ్డ ఎప్పుడూ ఉండేది. తాతయ్య గూడ్సు గార్డు, వారానికి నాలుగు రోజులు బండి మీదే ఉండేవారు. ఇంటికొచ్చి, "నువ్వు నన్ను కూడా తుడిచేస్తావే" అనేవారు. నాకు మటుకు నవ్వు వచ్చేది కాదు. ఆ పొడి పిల్ల ఊపిరితిత్తుల్లోకి పోతోందేమోనని, అత్తయ్య తంబూరా మీద పడుతోందేమోనని, రెండూ ఒకటే బెంగగా ఉండేది.

అత్తయ్య అంటే మీ అమ్మకి నానమ్మ. విజయనగరంలో పాట నేర్చుకున్న మనిషి. పెళ్లయి ఈ ఊరొచ్చినప్పుడు ఆ తంబూరాని రైల్లో ఒళ్లో పెట్టుకుని, రాత్రంతా నిద్రపోకుండా తెచ్చుకున్నారట. కాలనీలో తెలుగు పిల్లలకి సాయంత్రాలు పాఠం చెప్పేవారు. గుమ్మం ముందు మీ అమ్మా, పక్కింటి ఛత్తీస్‌గఢీ పిల్లలూ గళ్లు గీసి ఒంటికాలి మీద గెంతుతుండేవారు. మనం తొక్కుడుబిళ్ల అంటే వాళ్లు బిల్లస్ అనేవారు, తగాదా మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే. లోపల్నించి తంబూరా మోగగానే మీ అమ్మ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, "వస్తున్నా" అని పరిగెత్తేది.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన ఏడాదో, ఆ మరుసటేడో, ఊళ్లో సంగీతోత్సవం మొదలైంది. మొదలుపెట్టినాయన దూబే మాస్టారని, బడిలో హిందీ చెప్పి రిటైరైనాయన. రాజధాని అయింది కదా, మంత్రులూ ఆఫీసులే కాదు, పాట కూడా ఉండాలి అని ఇంటింటికీ తిరిగాడు. శంకర్ నగర్‌లో ఒక ఖాళీ స్థలంలో షామియానా వేసి, కింద జంపఖానాలు పరిచి, మూడు సాయంత్రాలు జరిపారు. వచ్చినవాళ్ల కంటే పరిచిన జంపఖానాలే ఎక్కువ. రెండో ఏడు మద్రాసు నుంచి వయొలిన్ విద్వాంసుడు వస్తున్నాడని తెలిసి దూబే మాస్టారు మా గుమ్మంలో నిలబడ్డాడు. "మాతాజీ, సునా హై ఆప్‌కే పాస్ తంబూరా హై" అన్నాడు, మీ దగ్గర తంబూరా ఉందటగా అని.

"తంబూరా ఒక్కటీ రాదు బాబూ, నానూ వస్తాను" అన్నారు అత్తయ్య. ఆయనకి ముక్క అర్థం కాలేదు గానీ తల ఊపాడు. అలా ఆవిడ వేదిక మీద, విద్వాంసుల వెనక, కళ్లు మూసుకుని తంబూరా మీటే మనిషయ్యారు. ఏటేటా మూడు రోజులు. మిగతా మూడువందల పైచిలుకు రోజులూ ఆ మూడింటి కోసమే ఉన్నట్టుండేవారు. కళాకారుల భోజనాలు మా ఇంటి నుంచీ దూబే గారింటి నుంచీ వెళ్లేవి. నేను పులిహోర, దద్ధోజనం చేస్తే, ఆయన భార్య బియ్యప్పిండితో ఆవిరి మీద ఉడికించిన ఫరా పట్టుకొచ్చేది. అరిసెలు వండితే, "అరే, యే తో హమారా అరసా హై!" ఇది మా వంటే కదా అని నా చెయ్యి పట్టుకుని ఊపేసింది.

తరవాత్తరవాత ఉత్సవం పెరిగింది. షామియానా పోయి పెద్ద మైదానం వచ్చింది, జంపఖానాలు పోయి కుర్చీలు వచ్చాయి. ఆఫ్రికా నుంచి డప్పులవాళ్లూ, ఎక్కడివాళ్లో ముఖాలు ఎర్రబడేలా తిత్తి ఊదేవాళ్లూ వచ్చారు. దాంతోపాటే కమిటీలోకి మైకుల పని చూసే వర్మ గారు వచ్చారు. ఆయన నాగపూర్ నుంచి రేడియోలాంటి చిన్న పెట్టె ఒకటి తెచ్చాడు. మీట నొక్కితే తంబూరా శబ్దం దానంతటదే వస్తుంది. "మాతాజీని ఇంత చలిలో కష్టపెట్టడం దేనికి?" అనేవాడు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాద వింటే అత్తయ్య ముఖం మాడిపోయేది.

నాలుగో ఏడో ఐదో ఏడో అత్తయ్య వేళ్లు కీళ్లవాతంతో వాచిపోయాయి. తీగ మీద వేలు నిలవడం లేదు. అప్పుడు పదేళ్ల మీ అమ్మని కూర్చోబెట్టి నెల్లాళ్లు మీటించారు. "గుంటా, నీ చెయ్యి తడబడితే ఆ పెట్టె వచ్చి కూకుంటాది, మరి లెగదు" అనేవారు. మీ అమ్మ బడికెళ్తూ కూడా పుస్తకాల సంచీ పట్టీ మీద నాలుగు వేళ్లూ ఆడించుకునేది. నాకు అన్నం సయించేది కాదు. పిల్ల భయపడుతుందేమో, రిక్షా ఒరిగి తంబూరా పగులుతుందేమో, చలికి తీగలు బిగించే బిరడాలు జారతాయేమో!

ఆ రోజు పొద్దున్న అత్తయ్య కూర్చుని శ్రుతి చేయించారు. మధ్యాహ్నం దుప్పటి చుట్టబోతూ చూశాను, తీగలు ఆనే చిన్న చెక్కపీట మీద మసి. అంతమంది ముందుకి వెళ్లే వస్తువు! తడిగుడ్డ వేలికి చుట్టి, ఒక్కో తీగ కిందా దూర్చి, శుభ్రంగా తుడిచేశాను. నల్లటి నలుసులు కొన్ని గుడ్డకి అంటుకొచ్చాయి. పెరట్లో దులిపేశాను.

రైలు గేటు దగ్గర రిక్షా చాలాసేపు ఆగిపోయింది. మేం చేరేసరికే పిలుస్తున్నారు. పొడుగాటి వెదురు వేణువు ఊదే విదేశీ ఆవిడ వేదిక మీద కూర్చుని ఉంది, వెనక మీ అమ్మ, ఆకుపచ్చ పరికిణీలో, తనకంటే ఎత్తున్న తంబూరాతో. మీటింది. చెక్క మీద గోరు కొట్టినట్టు టక్ మంది, అంతే. మళ్లీ మీటింది, మళ్లీ టక్. ముందువరసలో ఎవరో నవ్వారు. మీ అమ్మ కళ్లు నీళ్లతో నిండి మాకోసం వెతుకుతున్నాయి. వర్మ గారు పెట్టె పట్టుకుని మెట్ల దాకా వచ్చేశాడు.

అప్పుడు తట్టింది నాకు. అత్తయ్య "జీవ" అని పిలిచే నూలుపోగు ముక్కలు తీగకీ పీటకీ మధ్య ఉంటాయి. తీగ మోతంతా ఆ పోగులోనే ఉంటుంది. మసి పట్టి నల్లబడిన ఆ నాలుగు పోగుల్నే నేను పెరట్లో దులిపేశాను.

అత్తయ్య లేచారు. నడుస్తూనే నేతచీర కొంగు అంచు నుంచి ఒక పోగు లాగి, పంటితో నాలుగు ముక్కలు కొరికారు. వేదిక మీదకి వెళ్లి దూర్చబోతే వేళ్లు వంగలేదు. "నువ్వే పెట్టు గుంటా. ఇంకాస్త ఇటు. ఆగు, బేగిరపడకు. ఆఁ, అక్కడ." విదేశీ ఆవిడ వేణువు ఒళ్లో పెట్టుకుని, వంగి వింటోంది. నాలుగో తీగ కింద పోగు కుదిరేసరికి తంబూరా లోపల్నించి తుమ్మెదల గుంపు లేచినట్టు శబ్దం లేచి మైదానమంతా నిండింది. చప్పట్లు కొట్టారు. మీ అమ్మ చెయ్యి ఆ గంటసేపూ తడబడలేదు.

దిగొచ్చాక దూబే మాస్టారు ఏమైందని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. "మై భూల్ గయీ బేటా, బుడ్డీ హూ నా" అన్నారు అత్తయ్య, మర్చిపోయింది తనేనని. నేను నిజం చెప్పలేదు. రిక్షాలో "అత్తయ్యా, ఆ పోగులు..." అని మొదలుపెడితే, "మంచు పడతంది, గుంట చెవులకి మఫ్లరు కట్టు" అన్నారు.

మరుసటేడు దూబే మాస్టారు స్వీట్ల డబ్బాతో వచ్చి, మాతాజీకి ముందువరసలో కుర్చీ వేయిస్తామని చెప్పాడు. పెద్దవయసు, మతిమరుపు, వేదిక మీద మళ్లీ ఇబ్బంది ఎందుకు అన్నాడు. తంబూరా సంగతి ఎత్తలేదు. అత్తయ్య ఆ కుర్చీలో రెండేళ్లు కూర్చుని పెట్టె మోత విన్నారు. ఇంట్లో మాత్రం ఒక కొత్త అలవాటు వచ్చింది. "గ్యాసు కట్టేసేనా? దీపం ఆర్పేనా? ఏటో, నాకు గేపకం ఉండట్లేదు" అని పదేపదే లేచి వెళ్లి చూసొచ్చేవారు. అంతకుముందు ఆవిడ ఒక్క కీర్తనలో ఒక్క అక్షరం మర్చిపోయిన మనిషి కాదు.

ఇప్పుడు ఉత్సవం మందిర్ హసౌద్ దాటి నయా రాయపూర్‌లో, పెద్ద తెరల మధ్య జరుగుతోంది. కరోనా రెండేళ్లు ఆగి మళ్లీ మొదలైంది. దూబే మాస్టారు లేరు, ఆయన భార్య చేసే ఫరా లేదు, ఇళ్ల నుంచి వెళ్లే క్యారియర్లు లేవు. నాగపూర్ పెట్టె కూడా లేదు, అది ఫోన్లో దూరిపోయింది. మీ అమ్మ నెల్లాళ్లు నేర్చుకున్న పని నువ్వు వేలితో ఒకసారి తాకితే అయిపోతుంది. అత్తయ్య కొంగులోంచి తీసిన నాలుగు పోగులు మాత్రం అక్కడే ఉన్నాయి చిట్టీ. మసి పట్టి నల్లబడ్డాయి. అందుకే అక్కడ తుడవను.

ఆవిడ పోయే ముందు చలికాలంలో ఒక పొద్దున్న, తల దువ్వుతూ, వెనక నిలబడి ఆఖరికి చెప్పేశాను. "అత్తయ్యా, ఆ రోజు మర్చిపోయింది మీరు కాదు. నేనే తుడిచేశాను." "గ్యాసు కట్టేసేనా, చూసిరా అమ్మా" అన్నారు. వెళ్లి చూసొచ్చాను. కట్టేసే ఉంది. తిరిగొచ్చేసరికి కళ్లు మూసుకుని ఉన్నారు, కుడిచేతి వేళ్లు ఒళ్లో మెల్లగా కదులుతున్నాయి.

మొదటినుంచీ తెలిసే నన్ను కాపాడారా, లేక తన మతే పోయిందని నమ్ముతూ అన్నాళ్లూ గడిపారా? నేను చెప్పిన మాట ఆవిడ చెవిన పడిందా?