తెల్ల దుప్పటి కప్పిన తలుపు

మా వీధి తలుపు ఎడమ రెక్కకి కింది బందు విరిగిపోయింది. రెక్కని గుమ్మానికి పట్టి ఉంచే పాతకాలపు ఇనప బందు, అరచేయంత వెడల్పు. విరిగిన ముక్కని పేపర్లో చుట్టి అమలాపురంలో ఇనప సామాన్ల షాపుకి పట్టుకెళ్ళాను. షాపాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ముక్క చూసి చెప్పలేనన్నారు. ఫోన్లో ఫొటో చూపిస్తే అదీ చాలదన్నారు. తలుపు తెమ్మన్నారు.

మా ఆయన కాలేజీ లెక్చరరు. ఎవరేం చెప్పినా చేసేసే మనిషి. సెలవురోజు చూసి ట్రాలీ ఆటో మాట్లాడారు. రెక్క ఊడదీసి అందులో పడుకోబెట్టాం. కొత్తగా వేయించిన రంగు గీసుకుపోతుందని ఆయన దానిమీద తెల్ల దుప్పటి కప్పి, గాలికి లేవకుండా అంచులు కిందకి దోపారు. చెరోవైపూ కూర్చుని పట్టుకున్నాం. ఇంటిదగ్గర తలుపులేని సగం గుమ్మంలో అత్తయ్యగారు కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు.

మామిడికుదురు దాటాక నాకు అనుమానం వచ్చింది. ఒకాయన సైకిలు దిగి నిలబడ్డాడు. టీకొట్టు దగ్గర ఇంకొకాయన తలగుడ్డ తీశాడు. ఎదురొచ్చిన బస్సు పక్కకి జరిగి మాకు దారిచ్చింది. ఆ రోడ్డు మీద బస్సు ఒకరికి దారివ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఆటో డ్రైవరు కూడా ఎందుకో వేగం తగ్గించేశాడు.

కాసేపటికి వెనక ఒక స్కూటరు చేరింది. ఒకప్పుడు అత్తయ్యగారితో కలిసి స్కూల్లో పనిచేసిన మాస్టారు. మమ్మల్ని చూసి తల వంచారు. మేమూ వంచాం. మధ్యలో ఒకచోట ఆగి ఫోన్లు మాట్లాడి, మళ్ళీ వచ్చి కలిశారు. షాపు ముందు ఆటో ఆగితే ఆయనా ఆగారు. మా ఆయన దుప్పటి తీశారు.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "తలుపాండీ?"

"ఆయ్. బందు విరిగిందండీ."

"నేను టీచరు గారనుకున్నానండీ. ఇలాంటప్పుడు అడిగితే బాగోదని అడగలేదు. నలుగురికీ కబురు మాత్రం చెప్పేనండీ."

మా ఆయన వెంటనే వాళ్ళమ్మకి ఫోన్ చేశారు. ఎత్తలేదు. ఫోను లోపలగదిలో ఛార్జింగులో ఉంటుంది, ఆవిడ గుమ్మం వదిలి కదలరు. ఈలోగా షాపాయన టేపుతో తలుపంతా కొలిచి, పెదవి విరిచి అడిగారు. "గుమ్మం తేలేదాండీ?"

మా ఆయన కాసేపు ఆలోచించారు. ఆ ఆలోచన చూసి నాకు భయం వేసింది. చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాను.

మేం వెళ్ళేసరికి ఇంటిముందు జనం. అత్తయ్యగారు బతికే ఉండటం చూసి, అయితే పోయింది నేనేనని వాళ్ళు అనుకున్నారట. ఎక్కడికి తీసుకెళ్ళేరని ఒకావిడ మెల్లిగా అడిగితే, తలుపు గురించే అనుకుని అత్తయ్యగారు చెప్పారట, "అమలాపురం పట్టుకెళ్ళేడండీ మా అబ్బాయి. ఎక్కడో విరిగింది, బాగవుతుందో లేదో." నేను ఆటోలోంచి దిగేసరికి ఆ అడిగినావిడ అరుగుమీద కూలబడిపోయింది. మా వెనకే వచ్చిన మాస్టారు అందరికీ సర్దిచెప్పడానికి చాలాసేపు పట్టింది. చివరికి అందరికీ టీ పెట్టాను.

ఆఖరున మండపేట నుంచి అత్తయ్యగారి తమ్ముడు దిగారు, పెద్ద పూలదండతో. అక్కని చూసి ఏడ్చారు, తర్వాత కోప్పడ్డారు, ఆ తర్వాత భోంచేశారు. దండ పాడుచేయడం ఎందుకని అత్తయ్యగారు దాన్ని మామయ్యగారి ఫొటోకి వేశారు. చెయ్యి కడుక్కుని వస్తూ ఆయన గోడకి ఆనించిన తలుపు దగ్గర ఆగారు. మిగిలిన పై బందుని వేలితో తట్టి, "ఇలాంటివే మా మిల్లు గోడౌన్ తలుపుకి ఉన్నాయి కదక్కా, ఆ తలుపు తీసేసి చాలా కాలమైంది," అన్నారు.

వారం తిరక్కుండా బందు పంపారు. వడ్రంగి వచ్చి బిగించాడు. దానికి మిల్లు తాలూకు ఆకుపచ్చ రంగు ఇంకా అలాగే ఉంది. గీకించేద్దామంటే అత్తయ్యగారు వద్దన్నారు. తలుపు బాగానే పడుతోంది, వానాకాలంలో మాత్రం కొద్దిగా పైకెత్తి వెయ్యాలి.