మామిడి చెట్టు దగ్గర ఆగిన పన్నెండు ఫోన్లు

నేను రిటైరయ్యే ఏడాది ఫిబ్రవరిలో నన్ను మన్యం కొండల్లోని ముంచింగిపుట్టు పంపారు. అప్పటికి విశాఖపట్నంలోని ఒక వీడియో గేముల కంపెనీలో పరీక్షా విభాగానికి నేను అధిపతిని. నా కింద తొమ్మిది మంది టెస్టర్లు ఉండేవారు. గేమ్ తయారవుతున్నంత కాలం దాన్ని ఆడి, ఎక్కడ చెడిందో రాయడం మా పని. రోజంతా ఆటలాడితే జీతమిస్తారా అని చుట్టాలు నన్ను ఎగతాళి చేసేవారు. ఒకే గోడకు నాలుగు వందల సార్లు గుద్దుకుని, ఏ మూల నుంచి గుద్దితే బొమ్మ గోడలో ఇరుక్కుంటుందో రాసుకోవడం ఆటైతే, నిజమే, నేను ముప్పై ఏళ్లు ఆడుకున్నాను.

మా కంపెనీకి పేరు తెచ్చిన గేమ్ ‘సంతదారి’. కొండమీది ఊరి నుంచి ఒక గుంట, అంటే ఆడపిల్ల, నెత్తిన గంపతో వారపు సంతకు నడిచి వెళ్తుంది. దారిలో గెడ్డలనే కొండవాగులు దాటాలి, వాన వస్తే ఆగాలి, గంపలో పసుపు తడవకూడదు. అంతే ఆట. బొమ్మలన్నీ చేత్తో గీసినవి. మొదటి రెండు భాగాలనూ జనం నెత్తిన పెట్టుకున్నారు. మూడో భాగం ప్రకటన వీడియో వచ్చేసరికి అదే జనం మామీద విరుచుకుపడ్డారు. కారణం లేకపోలేదు. చేతి బొమ్మలు పోయి త్రీడీ వచ్చింది, పాట వేగం పెరిగింది, గుంట నడక మానేసి పరుగు మొదలుపెట్టింది.

అన్నిటికంటే గట్టి ఉత్తరం ముంచింగిపుట్టు నుంచి వచ్చింది. రాసింది కొర్రా సుమిత్ర. అక్కడ బస్సులు ఆగే చోట జిరాక్సు, రీఛార్జి షాపు నడుపుతుంది. ‘సంతదారి’ అభిమానుల గ్రూపును నడిపేదీ ఆమే. ఉత్తరంలో ఒక వాక్యం మా ఆఫీసంతా తిరిగింది: “నెత్తిన బరువెట్టుకుని ఎవరైనా పరుగెడతారా? మీరెవరైనా ఓసారి ఎట్టుకుని సూడండి.”

మా ప్రొడ్యూసర్ రమణరావు నవ్వి ఊరుకున్నాడు. గేమ్ బడ్జెట్టూ గడువూ చూసే పెద్ద ఉద్యోగం అతనిది, నాకంటే ఒక మెట్టు పైన. అభిమానులు ప్రతి మార్పుకీ మూడు వారాలు ఏడ్చి నాలుగో వారం కొనుక్కుంటారని అతని అనుభవం. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను. వాళ్ల చేత ఒకసారి ఆడించి, రెండు మంచి మాటలు రాయించుకు రమ్మని నన్ను పంపాడు. మొదటి భాగం కోసం దారులూ గెడ్డలూ తెలుసుకోవడానికి ఆ ఊళ్లకు వెళ్లినవాళ్లలో నేనొకదాన్ని కావడం వల్ల పని నాకు పడింది. అప్పుడు సుమిత్ర ఇంటర్ చదువుతుండేది. వాళ్ల నాయనమ్మ గాసమ్మ ఒడియా కలిసిన తన భాషలో దారులు చెబుతుంటే మాకు తెలుగులో చెప్పిందీ, ఊరి పెద్దల్ని ఒప్పించిందీ ఆ పిల్లే.

ఒక పెట్టెలో పన్నెండు ఫోన్లు పెట్టుకుని వెళ్లాను. ప్రతి దానిలోనూ అప్పటిదాకా తయారైన గేమ్ ఎక్కించి ఉంది. ఇలా ఏ దశకాదశలో తయారుచేసిన ప్రతిని మేము బిల్డ్ అంటాం. సుమిత్ర షాపు వెనక గదిలో తనతో కలిపి పన్నెండు మందిని కూర్చోబెట్టింది. ఇద్దరు టీచర్లు, కాఫీ తోటల రైతులు, డిగ్రీ పిల్లలు, ఒక నర్సు. ముందు అందరిచేతా సంతకాలు తీసుకున్నాను, చూసింది బయట చెప్పకూడదని. గాసమ్మ గుమ్మం దగ్గర పీట వేసుకుని మనవరాలి భుజం మీదుగా చూస్తూ కూర్చుంది.

ఇలాంటి పరీక్షకు మాకు కఠినమైన నియమాలున్నాయి. ఆడేవాళ్లకు సాయం చేయకూడదు, సలహా ఇవ్వకూడదు. వాళ్లు ఆగిపోతే ఎందుకు ఆగారని అడగకూడదు. వెనక నిలబడి గడియారం చూసి రాసుకోవాలి. ఫోను లోపల తెర దానంతటదే రికార్డవుతూ ఉంటుంది.

మొదటి పావుగంట బాగానే సాగింది. గుంట పరుగెత్తుతుంటే ఒకరిద్దరు మూతి విరిచారు. కొత్త మొహం చూసి సుమిత్ర మెల్లిగా, “పట్నం గుంటలాగుంది” అంది. నేను రాసుకున్నాను. తర్వాత అందరూ రెండో కొండ మలుపు దగ్గరికి వచ్చారు. అక్కడ కాయలతో మామిడి చెట్టుంది. దగ్గరికెళ్లి వేలు పెడితే గుంట ఎగిరి కాయ కోస్తుంది, టింగుమని పాయింట్లు వస్తాయి. మొదట చేరిన టీచరు కోశాడు. టింగుమంది. ఆయన చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది. పక్కవాళ్లు ఆయన తెర చూశారు. తర్వాత వచ్చినవాళ్లు చెట్టు దాకా వచ్చి ఆగిపోయారు. ఐదు నిమిషాల్లో పన్నెండు ఫోన్లూ ఒకే చెట్టు కింద ఆగి ఉన్నాయి.

ఎందుకని అడగకూడదు, నియమం కదా. నోట్‌బుక్కులో ఇలా రాశాను: ‘రెండో కొండ మలుపు. గేమ్ స్తంభించింది. అన్ని ఫోన్లలోనూ. తీవ్రత: అత్యధికం.’ మనసులో మా ప్రోగ్రామర్లను తిట్టుకున్నాను కూడా.

తర్వాత ప్రశ్నల కాగితాలు పంచితే అందరూ మర్యాదగా ‘బాగుంది’ అని రాసిచ్చారు. బొమ్మల గురించి, పాట గురించి తలా ఒక మాట. ఒక్కరూ చెట్టు మాట ఎత్తలేదు. నేను ఫోన్లు సర్దుకుంటూ, మధ్యలో ఆగిపోయినందుకు సుమిత్రకు క్షమాపణ చెప్పాను. ఆమె నావైపు చూడకుండా కాగితాలు సర్దుతూ అంది.

“ఫోన్లు ఆగనేదు మేడమ్. మేమే ఆగినాం.”

ఎందుకని అడిగాను.

“మామిడి కొత్త అవకుండా కాయెలా కోస్తామండి? ఆటే కదా అనుకోడానికి నేదు. పిల్లలు ఆడతారు.”

ఆ కొండల్లో ఏటా మామిడి కొత్త పండుగ చేస్తారు. దిసారి, అంటే ఊరికి మంచిరోజు చూసిపెట్టే పెద్ద, రోజు చెబుతాడు. ఆ రోజు తొలి కాయలు కొండదేవతకూ చనిపోయిన పెద్దలకూ పెట్టి, తర్వాత ఊరంతా తింటారు. అప్పటిదాకా చెట్టు కిందపడ్డ కాయ కూడా ఎవరూ నోట్లో పెట్టరు. ఆ ఫిబ్రవరిలో షాపు బయట చెట్టుకు పిందెలు అందేంత ఎత్తులో వేలాడుతున్నాయి. రెండు సార్లు దాని కిందనుంచి నడిచినా నాకు ఏమీ గుర్తు రాలేదు.

గుమ్మం దగ్గర గాసమ్మ ఏదో అంది. సుమిత్ర తెలుగులో చెప్పింది. “అప్పుడు మీరే మాటిచ్చినారంటంది. కళ్లజోడు మనిషి మర్సిపోనాదా అని అడుగుతంది.”

మాటిచ్చినది నిజం. మొదటి భాగం అప్పుడు దారులన్నీ చెప్పాక గాసమ్మ ఒక్కటే కోరింది: ఆటలో కొత్తకు ముందు కాయ కోయించవద్దు, కోయబోతే గుంట చెయ్యి దానంతటదే వెనక్కి రావాలి, ఎవరూ కోప్పడినట్టు చూపించవద్దు. సరేనన్నాను. అలాగే పెట్టించాను. మొదటి రెండు భాగాల్లోనూ చెయ్యి వెనక్కి వచ్చేది, దిసారి రోజు చెప్పాకనే కాయ చేతికందేది.

“దారులన్నీ సెప్పించింది నేనే కదండి,” అంది సుమిత్ర. “రేపు ఈ ఆటొస్తే ఏ మొకమెట్టుకుని ఊర్లోకెల్తాను?”

సిగ్గేసింది. విడుదల కాగితం మీద ఆఖరి సంతకం నాదే కాబట్టి, కాయ సంగతి తేలకుండా ఆ సంతకం పెట్టనని మాత్రం చెప్పాను. ఈసారి ఆమె నోట్‌బుక్కు తీసి నా మాట రాసుకుంది.

విశాఖ తిరిగొచ్చి లోపాల చిట్టా తెరిచాను. గేములో దొరికిన ప్రతి తప్పుకూ అందులో ఒక నంబరుంటుంది, ఎవరు రాశారు, ఎవరు సరిచేశారు, అన్నీ ఉంటాయి. మామిడి అని వెతికితే ఒక పాత నంబరు దొరికింది. ‘కాయ కోయబోతే చెయ్యి వెనక్కి వస్తోంది.’ రాసింది నేనే.

ఎలా జరిగిందో అప్పుడు గుర్తొచ్చింది. మొదటి భాగంలో కొత్తగా వచ్చిన ప్రతి టెస్టరూ ఆ చెయ్యి వెనక్కి రావడాన్ని తప్పుగా పట్టుకుని రాస్తుండేవాడు. విసుగొచ్చి, నేనే ఒక లోపంగా రాసి, ‘సరిచేయనవసరం లేదు’ అని ముద్ర వేసి మూసేశాను. ఎందుకు అవసరం లేదో రాయలేదు. ఆ చిట్టాలో లోపాలకు తప్ప ఇచ్చిన మాటలకు గడి లేదు, నేను గడి చేసుకోనూ లేదు. మూడో భాగం మొదలయ్యేటప్పుడు పాత లోపాలన్నీ తిరగదోడి సరిచేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. శ్రావణి అనే ప్రోగ్రామర్ కోడులో ఒక్క వరుస మార్చి దీన్ని సరిచేసింది. చెయ్యి వెనక్కి రాకపోవడంతో డిజైన్ వాళ్లు అక్కడ పాయింట్లు పెట్టారు. ఆ వారం మీటింగులో, ఇన్నేళ్ల పాత లోపాలను తుడిచిపెట్టినందుకు శ్రావణిని మెచ్చుకున్నది కూడా నేనే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను.

కొత్త లోపం రాశాను. తీవ్రత దగ్గర ‘బ్లాకర్’ అని పెట్టాను. ఇది సరిచేయందే గేమ్ విడుదల కాకూడదని దాని అర్థం. రమణరావు నన్ను గదిలోకి పిలిస్తే సంగతంతా చెప్పాను. చెట్టు మీద పాయింట్లు తీసేస్తే ఆటలో నాలుగు అంచెలు మళ్లీ సరిచూడాలి, విడుదల వెనక్కి పోతుంది, కొండల బయట ఆడేవాళ్లకు చెయ్యి ఎందుకు వెనక్కి వస్తోందో అర్థం కాదు, అన్నాడు. ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ విని, సంతకం పెట్టనని చెప్పాను.

ఇంత చిన్నదానికా అన్నాడు. చిన్నదే కాబట్టి బేగి అయిపోతుంది, చేయించండి అన్నాను. వారం రోజులుగా, త్వరగా అనడానికి బేగి అనే ముంచింగిపుట్టు మాట నా నోటికి పట్టుకుంది.

నేను సెలవులో ఉంటే నా తర్వాతి మనిషి సంతకం చేయవచ్చని కంపెనీ నియమం. అది రమణరావుకూ తెలుసు, నాకూ తెలుసు. తొమ్మిది రోజులు గడిచాయి. నేను ఒక్క పూట సెలవు పెట్టలేదు. నాలుగో రోజు జ్వరం వచ్చింది. తలకు మఫ్లరు చుట్టుకుని వెళ్లి నా కుర్చీలోనే కూర్చున్నాను. విశాఖలో మార్చి నెలలో మఫ్లరు చూసి అటెండరు కూడా నవ్వాడు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

పదో రోజు విడుదల మీటింగు. మాటలతో లాభం లేదని తెలుసు కాబట్టి పన్నెండు ఫోన్ల రికార్డింగులను పక్కపక్కన పెట్టి గోడమీద వేయించాను. పన్నెండు చిన్న తెరలు. పన్నెండు మంది గుంటలు పరుగెత్తుకుంటూ వచ్చారు, ఒక్కొక్కరే చెట్టు కింద నిలబడిపోయారు. ఒక్క టీచరు తెరలో మాత్రమే కాయ తెగింది. ఆ తర్వాత ఎక్కడా కదలిక లేదు. రికార్డింగును ఆపకుండా నడవనిచ్చాను. నిమిషం దాటింది.

శ్రావణి ముందు మాట్లాడింది. “మేడమ్, దీన్ని తప్పు అని మీరే కదా రాశారు?”

అవును, నా తప్పే అని అందరి ముందూ చెప్పాను. అలా చెప్పడం జ్వరం కంటే కష్టంగా ఉంది.

రమణరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తన ఉద్యోగంలో పాయింట్లు వద్దనుకుని నిలబడ్డ ఆటగాళ్లను చూడలేదన్నాడు. చెయ్యి మళ్లీ వెనక్కి వచ్చేట్టు పెట్టించండి, పరుగు మాత్రం ఉంటుంది, త్రీడీ ఉంటుంది, వాటి మీద ఇంకెవరి ఉత్తరాలూ తేవద్దు అన్నాడు. ఒప్పుకున్నాను. శ్రావణి ఆ వరుసను తిరిగి పెట్టింది, నాలుగు అంచెలూ సరిచూశాం, విడుదల మూడు వారాలు ఆలస్యమైంది.

సంతకం పెట్టే ముందు ఆ బిల్డ్ తీసుకుని మళ్లీ ముంచింగిపుట్టు వెళ్లాను. అది ఏ నియమంలోనూ లేదు. సుమిత్ర ఫోను నాయనమ్మ చేతిలో పెట్టింది. గాసమ్మ ఒక వేలితో గుంటను చెట్టు దాకా నడిపి కాయ మీద నొక్కింది. చెయ్యి వెనక్కి వచ్చింది. మళ్లీ నొక్కింది, మళ్లీ వచ్చింది. మూడోసారీ నొక్కి చూసింది. నేను చూసిన టెస్టర్లలో సగం మంది రెండోసారి నొక్కరు. ఫోను మనవరాలికి ఇచ్చేసి పనిమీద లేచి వెళ్లింది. ఊళ్లో కొత్త అయిపోయి నాలుగు రోజులైందట. నేను బయల్దేరేటప్పుడు రెండు కాయలిచ్చారు.

“గుంట మొకం మాత్రం ఇంకా పట్నం గుంటదే మేడమ్,” అంది సుమిత్ర. అది నా చేతిలో లేదని చెప్పాను. మళ్లీ ఉత్తరం రాస్తానంది. రాసింది కూడా.

అభిమానులు శైలి మారిందని గోల పెడితే, బొమ్మల గురించి అనుకుని చేతులు దులుపుకోవడం మా వృత్తిలో మామూలు. వాళ్లు కూడా బొమ్మల గురించే రాస్తారు, ఎందుకంటే ప్రశ్నల కాగితంలో మేము అడిగేది అదే. వాళ్లు ఏం రాశారో కాదు, ఎక్కడ ఆగారో చూడాలని ముప్పై ఏళ్ల సర్వీసు చివర్లో నేర్చుకున్నాను. రెండోది, ఒకరికిచ్చిన మాటను లోపాల చిట్టాలో దాచిపెడితే, బుద్ధిగా పనిచేసే మనిషెవరో ఒక రోజు దాన్ని సరిచేస్తారు.

రిటైరైన రోజు నా తర్వాతి అధిపతికి తాళాలు, ఫోన్ల పెట్టె, పరీక్షల పుస్తకాలు అప్పగించాను. వాటితోపాటు కొత్తగా ఒక కాగితం ఇచ్చాను. పైన ‘సరిచేయకూడనివి’ అని ఉంది. కింద ఒక్కటే వరుస: మామిడికాయ, రెండో కొండ మలుపు. ఈసారి కారణం గడి గీసి, ఎవరికి మాటిచ్చానో కూడా అందులో రాశాను.