డెబ్భై ఎనిమిది నాటి గాడిద తన్ను

మా డిగ్నా పెద్దమ్మ దగ్గర గడ్డం గీసుకునే బ్లేడు ఒకటి ఉండేది. దాంతో ఎవరూ ఎప్పుడూ గడ్డం గీసుకోలేదు. ఇంటికి కొత్త పాటల రికార్డు వచ్చిన రోజు తలుపులు మూసి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మధ్యలో అంటించిన గుండ్రటి కాగితాన్ని ఆ బ్లేడుతో గీకేసేది. పాట పేరు, పాడినవాడి పేరు, అచ్చయిన ఊరు, అన్నీ పొడిపొడిగా రాలిపోయేవి. అట్టను పొయ్యిలో పెట్టేది. గీకినచోట పిండిసంచి కాగితం అంటించి, దానిమీద బొగ్గుతో గాడిద డెక్క గీసేది.

మా రేవు పట్నం బర్రాంకియాలో పీకో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ పని జరిగేది. పీకో అంటే తలుపంత పొడుగు స్పీకర్ల పెట్టె. దాన్ని ఆదివారం మధ్యాహ్నం వీధిలోకి లాగామంటే, చీకటి పడేదాకా అక్కడ డాన్సే. పక్క పీకోవాడి దగ్గర లేని పాట మన దగ్గర ఉండాలి. పేరు తెలిస్తే వాడూ తెప్పించుకుంటాడు. అందుకని గీకేయడం. అయితే పెద్దమ్మంత నున్నగా గీకినవాళ్ళు ఈ ఊళ్ళో మరొకరు లేరని నేను ఎక్కడైనా చెబుతాను.

ఆవిడ పుట్టింది పలెంకే అనే పల్లెలో. పదిహేనో ఏట తలమీద కొబ్బరిమిఠాయి పళ్ళెంతో ఈ ఊరొచ్చింది. ఆ తర్వాత రేవులో ఓడవాళ్ళ బట్టలు ఉతికింది. అక్కడే మార్సెలినో పెదనాన్న పరిచయమయ్యాడు. వడ్రంగి. పీకో పెట్టె ఆయనే కట్టాడు. ముందువైపు సింహం బొమ్మ వేయమని పెయింటర్‌కి చెప్పారట. వాడికి సింహం చేతకాలేదు. వచ్చినమేరకు వేసి చూస్తే అచ్చం గాడిదలా ఉంది. ఒక కళ్ళజోడు పెట్టి చేతులు దులుపుకున్నాడు. ఆనాటి నుంచి మా పీకో పేరు 'మొండి గాడిద'. పెదనాన్న తిట్టుకుంటే, పెద్దమ్మ మాత్రం మురిసిపోయింది.

"సింహాలు ఊరినిండా ఉన్నాయి. కళ్ళజోడు గాడిద ఎవడి దగ్గరుంది?" అందట.

పెట్టె పెదనాన్నదే గాని పాటలు పెద్దమ్మవి. ఓడలో వచ్చిన రికార్డును ఒక్కసారి వింటే చాలు, మా వీధి కాళ్ళు దానికి లేస్తాయో లేవో చెప్పేది. ఎప్పుడూ తప్పలేదు. ఆఫ్రికా రేవుల నుంచి వచ్చిన పాటలు అవి. భాష మాలో ఒక్కడికీ తెలియదు. పేరు గీకేశాక పిలవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, వీధే పేరు పెట్టేది.

డెబ్భై ఎనిమిదిలో మా వీధి నెత్తిన పెట్టుకున్న పాటలు ఇప్పటికీ వేళ్ళమీద లెక్కపెడతాను. 'వాన ఆపింది', ఎందుకంటే అది మొదలుపెట్టగానే నిజంగానే ఆగింది. 'సాలమోన్ చొక్కా', మంగలి సాలమోన్ ఆ పాటకి చేతులు ఎత్తి రెండు చంకల దగ్గరా చొక్కా చించుకున్నాడు. 'పెళ్ళాం వస్తోంది' అనే పాటకి ఆ పేరు ఎవరివల్ల వచ్చిందో చెబితే ఇప్పటికీ ఒక ఇంట్లో గొడవ అవుతుంది, వదిలేద్దాం. వీటన్నిటికీ పైన 'కుర్చీలు తీసెయ్'. దాని మొదటి గిటారు దెబ్బ వినపడగానే ముసలివాళ్ళు కూడా కూర్చున్న కుర్చీలు మడిచి గోడకి ఆనించేవాళ్ళు. ఆ పాట కోసం పెద్దమ్మ ఒక ఓడ వంటవాడికి శాన్ హసింతోలో నేసిన ఊయల ఒకటి, గుడ్లు పెట్టే కోళ్ళు రెండు ఇచ్చింది. వారం రోజులు పెదనాన్న ఆవిడతో మాట్లాడలేదు. ఆ ఆదివారం పాట విన్నాక మాట్లాడాడు.

ఆ ఏడు కార్నివాల్ శనివారం నాడు ఒక ఘోరం జరిగింది. సాలమోన్ రమ్ము మత్తులో వెనక్కి తూలి రికార్డు తిరుగుతున్న బల్లమీద పడ్డాడు. సూది కర్రుమని పాటకి అడ్డంగా గీత గీసింది. మళ్ళీ పెట్టి చూస్తే, గిటారు అయిపోయి బాకాలు అందుకునే చోట సూది ఎగిరి ఒక దెబ్బ ముందుకు పడుతోంది. ఆడుతున్నవాళ్ళ అడుగులు తప్పాయి. జనం ఈలలు వేశారు. ఉన్నది ఒక్కటే రికార్డు. పేరు గీకేసింది కాబట్టి ఇంకొకటి ఎక్కడ వెతకాలో ఆవిడకే తెలియదు.

పెద్దమ్మ చెంగున నడివీధిలోకి వచ్చింది. పాట మళ్ళీ మొదటినుంచి పెట్టించింది. సూది ఎగిరే చోట, గౌను ఎత్తిపట్టి, కుడికాలు వెనక్కి గాడిద తన్నినట్టు ఒక్క తన్ను తన్నింది. పోయిన దెబ్బ ఆ తన్నులో కలిసిపోయింది. అడుగు సరిగ్గా బాకాల మీద పడింది. మూడోసారికి వీధంతా తన్నింది. ఈస్టర్ వచ్చేసరికి 'గాడిద తన్ను' రానివాడు మా పేటవాడే కాదని తేలిపోయింది. తర్వాత పుట్టినవాళ్ళు, దూరం నుంచి వచ్చినవాళ్ళు పాటనే అలా కట్టారనుకున్నారు. నిజం చెప్పాలంటే కొన్నాళ్ళకి మేమూ అలాగే అనుకున్నాం.

పెదనాన్న పోయాక పీకో మూలపడింది. ఆ తర్వాత ఒక అక్టోబరు మధ్యాహ్నం కుండపోత కురిసి, మా వీధివాగు గుమ్మాలెక్కి, గాడిదనీ రికార్డుల పెట్టెనీ కలిపి మగ్దలేనా నదిలోకి లాక్కుపోయింది. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఏడవలేదు. "పోతే పోయింది, విన్నవాళ్ళున్నారు" అంది. లోపలికెళ్ళి నేల కడిగింది.

రెండు వేల పద్దెనిమిదిలో మా పేట సంఘం వాళ్ళకి ఒక ఆలోచన వచ్చింది. నలభయ్యేళ్ళయింది గనక డెబ్భై ఎనిమిది నాటి పాటలతో ఒక ఆదివారం పండగ చేద్దాం. ఆ ఏడు అందరికీ అన్నిటికన్నా ఇష్టమైన పాట ఏ పీకోదో, దాని బొమ్మ బడి గోడమీద నిలువెత్తున వేయిద్దాం. ఇష్టమైన పాట ఏదన్న దాంట్లో పేచీ లేదు. 'కుర్చీలు తీసెయ్'. అది ఎవరిదన్న దగ్గరే వచ్చింది.

విల్‌ఫ్రిదో ఓస్పీనో వచ్చి, అది తన తండ్రి పీకో 'మూడుకళ్ళ పులి' పాట అన్నాడు. సంచిలోంచి ఒక రికార్డు తీశాడు. ప్యారిస్‌లో రికార్డులు పోగుచేసే ఒకాయనకి ఫోన్లో రాగం తీసి వినిపించి సంపాదించాడట. మధ్యలో కాగితం చెక్కుచెదరకుండా ఉంది. పేరు, పాడినవాళ్ళు, సంవత్సరం, అన్నీ.

"ఇదిగో కాగితం. గాడిదవాళ్ళ దగ్గర ఏముందో చూపించమనండి," అన్నాడు.

మా దగ్గర ఏముంది? గోరంత ముక్క కూడా లేదు. ఉన్నా దానిమీద బొగ్గుతో గీసిన డెక్క తప్ప ఏముండేది? పేటలో ముసలివాళ్ళందరికీ నిజం తెలుసు. కాని విల్‌ఫ్రిదో ప్రతి పెళ్ళికీ ప్రతి చావుకీ స్పీకర్లు ఊరికే ఇస్తాడు. ఎవరికుండే మొహమాటం వాళ్ళకుంది. సాలమోన్‌ని నేను క్షవరశాలలోనే నిలదీశాను.

"నువ్వే కదా ఆ రికార్డుమీద పడింది! చెప్పవేం?"

"నలభయ్యేళ్ళయింది కదమ్మా నూరిస్, ఏ రికార్డుమీద పడ్డానో ఏమో... ఆ రోజుల్లో చాలావాటిమీద పడేవాణ్ణి," అని కత్తెర ఆడిస్తూ గోడవైపు చూశాడు. వచ్చే నెల వాళ్ళ మనవరాలి పదిహేనో పుట్టినరోజు, మా ఊళ్ళో ఆడపిల్లకి అది పెళ్ళంత పండగ. స్పీకర్లు ఎవరివో అడగక్కర్లేదు.

నాకు కడుపు మండిపోయింది. నేను పెద్దమ్మ ఇంటిముందే మొక్కజొన్న వడలు వేస్తాను, గుడ్డు పెట్టి. ఆ వారం ఎన్ని వడలు మాడ్చానో నాకే తెలియదు. పెద్దమ్మ మాత్రం నిమ్మళంగా కూర్చుని ఉంది. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, వీపు ఇంకా నిటారుగానే.

"పెద్దమ్మా, గాడిదకి బదులు గోడమీద పులి కూర్చుంటుంది. నీ పాట వాడి అబ్బ సొమ్మయిపోతుంది. నీకు చీమ కుట్టినట్టు కూడా లేదా?"

"ఉంది," అంది. "ఆ పాటొక్కటే నేను చేసిన పెద్ద పని. ఆరుగురు పిల్లల్ని పెంచడం అందరూ చేస్తారు. దాన్ని పోనివ్వను."

"మరి?"

"వాయించనీ. వాడి రికార్డునే వాయించనీ. ఒక్క మాట మాత్రం అడుగు. ఆపకుండా మొత్తం వాయించాలి. అందరూ ఆడాలి."

"అంతేనా?"

"అంతే. వడ మాడుతోంది చూసుకో."

నేను వెళ్ళి విల్‌ఫ్రిదోకి ఆ మాట చెప్పాను. వాడు నవ్వాడు. "రెండుసార్లు వాయిస్తానని చెప్పు అత్తకి. ఒకటి ఆవిడ కోసం."

ఆదివారం నాలుగింటికి బడి ఆవరణ నిండిపోయింది. 'వాన ఆపింది', 'సాలమోన్ చొక్కా' ఎవరో రాగం పట్టి వెతికి ఫోన్లోంచి వేశారు, బాగానే ఆడారు. సంఘం అధ్యక్షురాలు టీచర్ ఎల్వియా మైకులో 'కుర్చీలు తీసెయ్' అన్నది ఆలస్యం, కుర్చీలు మడుస్తున్న చప్పుడు గోడగోడకీ వినపడింది. విల్‌ఫ్రిదో తెల్లచొక్కా తొడుక్కుని బల్ల దగ్గర నిలబడి, ప్యారిస్ రికార్డును రెండు అరచేతుల మధ్య పట్టుకుని తెచ్చి పెట్టాడు. పెద్దమ్మ ఎదురుగా, నా భుజం పట్టుకుని నిలుచుంది.

గిటారు మొదలైంది. గీత లేదు, గరగర లేదు. ఇంత శుభ్రంగా ఆ పాట మేమెప్పుడూ వినలేదు. ముసలివాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సాలమోన్ చేతులెత్తాడు, చొక్కా ఈసారి నిలబడింది. పోస్టాఫీసులో రిటైరైన కార్మేలో కర్ర పక్కన పడేసి ఆడుతున్నాడు. టీచర్ ఎల్వియా మైకు పట్టుకునే ఆడుతోంది. గిటారు సాగి సాగి చివరికొచ్చింది. బాకాలు అందుకోబోతున్నాయి.

ధన్‌మని వంద కాళ్ళు వెనక్కి తన్నాయి.

పాటలో మాత్రం అక్కడ ఏమీ ఎగరలేదు. పోవాల్సిన దెబ్బ పోకుండా నిక్షేపంగా అక్కడే ఉంది. తన్నినవాళ్ళందరూ ఒక అడుగు ముందున్నారు, బాకాలు ఒక అడుగు వెనకున్నాయి. కార్మేలో వెళ్ళి సాలమోన్‌మీద పడ్డాడు, సాలమోన్ ఎల్వియామీద. మైకు కిందపడి కీచుమంది. ఒకరినొకరు పట్టుకుని నిలదొక్కుకుని, ఏమైందన్నట్టు కాళ్ళకేసి చూసుకున్నారు.

అప్పుడు చూశాను నేను. బల్ల వెనకాల విల్‌ఫ్రిదో ఒంటికాలిమీద ఉన్నాడు. కుడికాలు ఇంకా వెనక్కే ఉంది.

ఆవరణంతా ఆ కాలే చూస్తోంది. వాడు మెల్లగా దించాడు గాని, అప్పటికే నవ్వు అంటుకుంది. పెద్దమ్మ నా భుజం వదిలి బల్లదాకా నడిచింది.

"ఒరేయ్ విల్‌ఫ్రిదో, నీ రికార్డు చెడిపోయిందిరా. మధ్యలో ఏదో ఎక్కువొచ్చింది."

"అత్తా..."

"ఆ తన్ను పులి దగ్గర నేర్చుకున్నావా?"

యాభై రెండేళ్ళ మనిషి, చెవులు ఎర్రబడ్డాయి. కిందపడ్డ మైకు తీసుకున్నాడు. "నాకప్పుడు పన్నెండేళ్ళు," అన్నాడు. "మా నాన్న పీకో అక్కడ మోగుతుంటే, గోడ దూకి గాడిద దగ్గరికి పోయేవాణ్ణి. తెలిస్తే చంపేసేవాడు. ఈ పాట గాడిదదే. నాన్నకి అది దొరకలేదనే దిగులు చచ్చేదాకా పోలేదు. అందుకని..." మైకు బల్లమీద పెట్టేశాడు.

మొదటి చప్పట్లు సాలమోన్‌వి. "దానిమీద పడింది నేనే! నేనే!" అని అరిచాడు. వీడి సిగ్గు చిమడ. అయినా ఆ క్షణం వాణ్ణి క్షమించేశాను.

విల్‌ఫ్రిదో రికార్డు మధ్యకి వేలు చూపించాడు. "అసలు పేరు ఇక్కడ రాసుంది అత్తా. చదవనా?"

"నేను గీకింది మళ్ళీ నువ్వు రాస్తావా? జరుగు."

పెద్దమ్మ వాణ్ణి పక్కకి నెట్టి తనే రికార్డు దగ్గర నిలబడింది. సూది మొదట్లో పెట్టింది. జనం మళ్ళీ మొదలుపెట్టారు. గిటారు సాగుతున్నంతసేపూ ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది, చూపుడువేలు సూదికొయ్యకి వెంట్రుకవాసి దూరంలో పెట్టుకుని. సరిగ్గా బాకాల ముందు ఆ వేలితో అలా తట్టింది. సూది ఎగిరింది, ఒక దెబ్బ పోయింది. పేటంతా ఒక్కసారి తన్నింది, అడుగు వెళ్ళి బాకాల మీద పడింది. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు. ఈవిడ మా పెద్దమ్మ అని పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషికి రెండుసార్లు చెప్పాను.

విల్‌ఫ్రిదో కూడా తన్నాడు. ఈసారి బల్ల ముందుకు వచ్చి.