సున్నాల నోటుబుక్కు

ఇరవై ఏళ్ళు దాటింది. మా బీరువాలో, నేను కట్టని చీరల కింద, ఒక స్కూలు నోటుబుక్కు ఉంది. ఇల్లు మారిన ప్రతిసారీ ముందు దాన్నే సర్దుతాను, ఎవరూ చూడకుండా. అది నాది కాదు. నా దగ్గర ఉండాల్సిందీ కాదు. చేతిలోకి తీసుకుంటే పావు కిలో కూడా తూగదు గానీ, ఇన్నేళ్ళూ నేను మోసిన బరువంతా అదే. మా ఆయనకి చెప్పలేదు. పిల్లలకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ఇవాళ నోరు పెగిలిందేమో.

నేను డాక్టర్ని. పీజీ సీటు తీసుకున్న రోజే మా చేత బాండు మీద సంతకం పెట్టించుకున్నారు. చదువయ్యాక ఏడాది పాటు ప్రభుత్వం ఎక్కడ వేస్తే అక్కడ పనిచేయాలి. ఆ ఏడాది పూర్తిచేసి, రిలీవింగ్ ఆర్డరు తెచ్చి చూపిస్తేగానీ మా ఒరిజినల్ సర్టిఫికెట్లు మా చేతికి రావు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నన్ను ఉద్దానంలో వేశారు. పలాసకీ కంచిలికీ మధ్య, సముద్రం వైపు, కొబ్బరితోటల్లో చిన్న సర్కారు ఆసుపత్రి. ఊరి పేరు చెప్పను. మాది కృష్ణా జిల్లా. శ్రీకాకుళం అనగానే మా అమ్మ నన్ను ద్వీపాంతరం పంపిస్తున్నట్టు ఏడ్చింది. వెళ్ళిన రోజే గోడమీది క్యాలెండరులో రోజులు కొట్టేయడం మొదలుపెట్టాను.

ఆ కొట్టేయడం ఎప్పుడు మానేశానో గుర్తులేదు. మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టానో మాత్రం బాగా గుర్తుంది.

నిజం చెప్పొద్దూ, నా జీవితంలో అంత హాయిగా గడిచిన ఏడాది మరొకటి లేదు. ఇంటికి వెళ్ళి తిరిగొస్తూ, రైలు నౌపడ దాటుతుంటే కిటికీలోంచి ఉప్పు కుప్పలు తెల్లగా కనిపించేవి. అవి కనిపించాయంటే సామాను సర్దుకోవాలన్నమాట. పలాసలో దిగగానే జీడిగింజలు కాల్చే ఘాటు వాసన ముక్కుకి తగిలేది. కాశీబుగ్గలో ఆటో ఎక్కితే, డ్రైవరు "డాట్రమ్మని ముందు దింపేత్తాను, మీకేటి తొందర?" అని మిగతా ఎనిమిది మందినీ చుట్టు తిప్పేవాడు. వాళ్ళూ ఏమీ అనేవారు కాదు. నా క్వార్టర్సు వెనక పనసచెట్టు ఉండేది. గాలి తిరిగితే సముద్రం హోరు మంచం దాకా వినిపించేది. వాళ్ళ 'ఏటి'ని మొదట్లో వెక్కిరించాను. ఆరు నెలలయ్యేసరికి ఫోనులో అమ్మ ఏదో అడిగితే "ఏటి?" అన్నాను. అమ్మకి కోపం వచ్చింది.

ఆ ఏడాది గురించి ఎక్కడ నలుగురు కూడినా చెబుతుంటాను. బాండు సర్వీసు దండగ అనే కుర్ర డాక్టర్లకి మరీ చెబుతాను. అందరూ నవ్వుతారు, మెచ్చుకుంటారు. చెప్పేటప్పుడు దమయంతి గురించి కూడా చెబుతాను. కానీ సగమే.

దమయంతి మా ఆసుపత్రి ఏఎన్ఎం. పల్లెల్లో తిరుగుతూ గర్భిణులను చూసుకునే నర్సు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. సన్నగా, నల్లగా, గొడుగు చంకలో పెట్టుకుని ఇసుక దారుల్లో ఎంత దూరమైనా నడిచేది. ఆమె సంచిలో ఒక గాజు గొట్టం, స్పిరిట్ దీపం, చిన్న సీసాలో యాసిడ్ ఉండేవి. గర్భిణుల మూత్రం ఆ గొట్టంలో పోసి కాచి, నాలుగు చుక్కలు యాసిడ్ వేస్తుంది. తేటగా ఉంటే భయం లేదు. పాలు విరిగినట్టు విరిగితే ప్రొటీను పోతోందని అర్థం. ఆ సంచి ఇచ్చింది గర్భిణుల కోసమే. దమయంతి మాత్రం దాన్ని మగవాళ్ళకి వాడింది.

మొదట తన భర్తకి. ఆయన పేరు ఢిల్లేశ్వరరావు, ఊరంతా ఢిల్లేసు అనేది. కొబ్బరితోట పని. ఎన్నడూ మంచం పట్టినవాడు కాదు, జబ్బు ఎరిగినవాడు కాదు. నలభై నాలుగేళ్ళకే పొద్దున్న లేచేసరికి మొహం ఉబ్బుతోందని, అన్నం సయించడం లేదని ఆమెకి అనుమానం వచ్చింది. గొట్టంలో పోసి కాచింది. విరిగింది. నేను కాశీబుగ్గ ల్యాబుకి రక్తం పంపించాను. మూత్రపిండాలు అప్పటికే సగానికి పైగా దెబ్బతిన్నాయి. షుగరు లేదు, బీపీ లేదు. ఎందుకు పాడయ్యాయో నాకు తెలియలేదు. విశాఖపట్నం వెళ్ళి పెద్ద డాక్టర్లకి చూపించమని చీటీ రాసిచ్చాను. చేతిలో డబ్బులు పడ్డాక వెళతానన్నాడు.

అక్కడితో ఆగితే ఆమె దమయంతి ఎందుకవుతుంది? వాళ్ళ వీధిలోనే ఇలా మొహాలు ఉబ్బి పోయినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. గర్భిణులను చూడ్డానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ మగవాళ్ళకి కూడా సీసా చేతికివ్వడం మొదలుపెట్టింది. తోటల్లో వాళ్ళు ఊరుకుంటారా! "ఏటి దమయంతొదినా, మాకూ కడుపొచ్చిందేటి?" అని ఒకడు, "నాకు ఎన్నో నెలో సెప్పొదినా" అని ఇంకొకడు. ఆమె కూడా తక్కువది కాదు. "నీకు మొగపిల్లోడేరా, ముందు సీసా తే" అనేది. నేను ఒకసారి ఆమెతో వెళ్ళి, కొబ్బరిచెట్టు కింద కూర్చుని కడుపుబ్బ నవ్వాను. అంత నవ్వుకున్నది దేనికో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కూతురు వాడగా మిగిలిన నోటుబుక్కులో ఆమె అవన్నీ రాసింది. ముందు పేజీల్లో ఎక్కాలు. తర్వాత ఇంటి పేరు, మనిషి పేరు, వయసు, పక్కన ఒక సున్నా. తేటగా ఉంటే ఖాళీ సున్నా. మసగ్గా ఉంటే సగం నలుపు. విరిగితే మొత్తం నలుపు. ఐదు నెలలు తిరిగింది, మూడు ఊళ్ళు. ఒకరోజు ఓపీ అయిపోయాక బల్ల మీద పెట్టి, "అమాసలు ఎక్కువైపోతన్నాయమ్మా" అంది. పేజీలు తిప్పాను. కొన్ని పేజీల్లో నలుపే కనబడుతోంది. నేను పుస్తకాల్లో ఎక్కడా చదవనిది ఏదో అందులో ఉందని నాకు అర్థమైంది. అర్థం కాలేదని అబద్ధం చెప్పను.

"పైనున్న పెద్ద డాట్రులకి పంపండమ్మా. నాను రాత్తే ఎవులు సూత్తారు? మీరు రాత్తే సూత్తారు" అంది. పంపుతానన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే పంపాలనుకున్నాను.

మర్నాడు ఆ సంగతి మా హెడ్ క్లర్కుతో అన్నాను. పెద్దాయన, మంచివాడు, నన్ను కూతురిలా చూసేవాడు. టీ తాగుతూ, "తల్లీ, రెండు నెలల్లో వెళ్ళిపోతారు. ఎందుకొచ్చింది సెప్పండి? సర్కారులో ఎవులు కాయితం కదిపితే ఆ పని ఆళ్ళ మెడకే సుడతారు" అన్నాడు. నాకంటే ముందు ఇంకో మండలంలో పనిచేసిన బాండు డాక్టరు జ్వరాల గురించి పైకి రాశాడట. 'కనిపెట్టింది నువ్వేగా, సర్వే కూడా నువ్వే చెయ్యి' అని అతని రిలీవింగ్ ఆర్డరు ఎనిమిది నెలలు ఆపేశారట. ఆయన నన్ను బెదిరించలేదు. ఉన్న ఆచారం చెప్పాడు, అంతే.

హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో నాకు అప్పటికే ఉద్యోగం ఖాయమైంది. ఫలానా తేదీకి చేరకపోతే వేరేవాళ్ళకి ఇస్తామన్నారు. ఆ సాయంత్రమే క్యాలెండరు ముందు నిలబడి, మానేసిన రోజులన్నీ ఒక్కసారిగా కొట్టేశాను. నోటుబుక్కు ట్రంకు పెట్టెలో అడుగున పెట్టాను. రిలీవైన మర్నాడే పంపుదాం, అప్పుడు ఎవరూ ఆపలేరు కదా, అనుకున్నాను.

పై ఆఫీసు సంగతి సరే. మా ప్రొఫెసరు గారికి విడిగా ఒక ఉత్తరం రాయొచ్చుగా? ఈ ప్రశ్న నన్ను నేను వెయ్యిసార్లు అడిగాను. రాయొచ్చు. ఆయన వెంటనే చదివేవారు కూడా. చదివి, "నువ్వే అక్కడ కొన్నాళ్ళు ఉండి చూడమ్మా" అనేవారు. ఆయన మాట నేను కాదనలేను. అందుకే రాయలేదు. అంటే నాకు ఆచారం అడ్డం రాలేదు, నాకు నేనే అడ్డం వచ్చాను.

పది రోజులయ్యాక దమయంతి అడిగింది, పంపారా అని. పంపాను అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! కళ్ళలోకి చూసే చెప్పాను. జవాబు రావడానికి టైము పడుతుందని కూడా చేర్చాను.

ఆమె ఆ కబురు మూడు ఊళ్ళకీ చేరవేసింది. విశాఖపట్నం నుంచి పెద్ద డాక్టర్లు వస్తారని తోటల్లో చెప్పుకున్నారు. రోజూ తపాలా వచ్చే వేళకి ఆమె ఆసుపత్రి వరండాలో ఏదో పని కల్పించుకుని నిలబడేది. నేను లోపల రోగిని చూస్తున్నట్టు తల వంచుకునేదాన్ని. ఒకరోజు ఢిల్లేసు మాట తెచ్చి నవ్వుతూ, "మా మావ విశాఖపట్నం ఎల్లనంటన్నాడమ్మా. పెద్ద డాట్రులు మన ఊరే వత్తంటే మనం ఎల్లడమేటి, అంటన్నాడు" అంది.

చెప్పాల్సిన క్షణం అదే. నిజం చెప్పే దారి దానంతట అదే తెరుచుకుంది. నేను అన్నది, "ఎందుకైనా మంచిది, ఒకసారి వెళ్ళమనండి." అంతే. అది కూడా గట్టిగా అనలేదు. గట్టిగా అంటే, ఎందుకని అడుగుతుందేమోనని భయం.

నేను వెళ్ళేరోజు పలాస స్టేషనుకి ఆసుపత్రి మొత్తం వచ్చింది. దమయంతి పనసపండు, గుడ్డలో మూటకట్టిన జీడిపప్పు తెచ్చింది. ఢిల్లేసు కూడా వచ్చాడు, ఉబ్బిన పాదాలకి చెప్పులు పట్టక వట్టికాళ్ళతో. నా ట్రంకు పెట్టె తనే ఎత్తి రైల్లో పెట్టాడు. వద్దన్నా వినలేదు. ఆ పెట్టె అడుగునే ఉంది అతని పేరు, నల్లటి సున్నాతో, ఎక్కాల తర్వాతి మొదటి పేజీలో, మొదటి వరసలో. రైలు కదిలాక నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ ఏడుపు నటన కాదు. ఆ మనుషులంటే నాకు నిజంగా ప్రాణం. ప్రేమ ఉన్న చోట ద్రోహం ఉండదని ఎవరన్నా అంటే నమ్మకండి.

హైదరాబాదు వెళ్ళాక మర్నాడు పంపలేదు. కొత్త ఉద్యోగం, తర్వాత పెళ్ళి. ఆలస్యమైన కొద్దీ, ఇన్నాళ్ళూ ఎందుకు పంపలేదని అడుగుతారన్న భయం పెరిగింది. చివరికి ఆ భయమే మిగిలింది.

ఆరేళ్ళ తర్వాత ఏదో పని మీద విశాఖపట్నం వెళ్ళి, ఒక స్నేహితురాలిని కలవడానికి ఆమె పనిచేసే ఆసుపత్రికి వెళ్ళాను. డయాలసిస్ గది బయట బల్ల మీద దమయంతి కూర్చుని ఉంది. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచి, రెండు చేతులూ పట్టేసుకుంది.

"డాట్రమ్మా! మీరేనా? మా మావ లోపలున్నాడమ్మా. వారానికి రెండుసార్లు తెత్తన్నాను."

ఎప్పటినుంచి అని అడిగాను.

"రెండేళ్ళయిందమ్మా. ముందే వత్తే ఇంకొన్నేళ్ళు లాగొచ్చునని ఈళ్ళంటన్నారు. మీరు ఆ దినం సెప్పనే సెప్పేరు, ఒకసారి ఎల్లమని. మేమే ఇనుకోనేదు." నా మొహం చూసి ఏమనుకుందో, నా చెయ్యి నిమిరింది. "మీరు బాధపడకండమ్మా. మీ పని మీరు సేసేరు. ఆ నోటుబుక్కు దార్లో ఎక్కడో తప్పిపోయుంటాది. ఆ తపాలా మీద నాకెప్పుడూ నమ్మకం నేదు."

నేను ఏమన్నానో తెలుసా? "అవునమ్మా, తప్పిపోయి ఉంటుంది" అన్నాను.

ఢిల్లేసు ఆ మరుసటి ఏడాది పోయాడు. ఉద్దానం జబ్బు గురించి అందరికీ తెలిసింది, పేపర్లలో వచ్చింది, పరీక్షలు చేసేవాళ్ళు వచ్చారు. కారణం ఏమిటన్నది ఇంకా వెతుకుతూనే ఉన్నారు. పల్లెటూరి నర్సు గీసిన సున్నాలు పంపినంత మాత్రాన ఏం ఒరిగేదిలే, అని నాకు నేను చెప్పుకున్న రోజులున్నాయి. ఏమీ ఒరిగేది కాదేమో. కానీ నేను పంపానని చెప్పకపోతే ఢిల్లేసు విశాఖపట్నం వెళ్ళేవాడు. మిగతా నల్ల సున్నాల వాళ్ళలో ఎంతమంది అలా ఇంటి దగ్గరే కూర్చుని ఎదురుచూశారో అడిగే ధైర్యం నాకు లేదు.

ఇవాళ నోటుబుక్కు బయటికి తీశాను. చివరి పేజీలో కొన్ని పేర్లు రాసి, పక్కన సున్నాలు పెట్టకుండా ఖాళీ వదిలేసింది. కింద వంకరటింకర అక్షరాలతో, 'వీళ్ళు దొరకలేదు, మీ వాళ్ళు వస్తే చూడమనండి' అని రాసి ఉంది. ఆ పేర్లు ఇప్పుడు పైకే చదివాను, ఒక్కొక్కటే. ఇంట్లో ఎవరూ లేరు.

దమయంతి రిటైరై ఊళ్ళోనే ఉందని విన్నాను. ఇది ఆమె చదవదు. చదివితే క్షమిస్తుందేమోనన్నదే నా భయం, క్షమించదేమోనని కాదు. ఆమె క్షమాపణ నాకు వద్దు. తపాలా మీద వేసిన నింద ఒక్కటి తీసేస్తే చాలు.

అది దారిలో తప్పిపోలేదు, దమయంతమ్మా. నేను పంపనే లేదు.