రాత్రి బండి టికెట్లు

ప్రయాణాల ఆఫీసులో కిటికీ పక్క కుర్చీలో ముప్పై ఒక్క ఏళ్లు కూర్చుని టికెట్లు రాసిన ఆయన్ని తోటి గుమాస్తాలంతా టైంటేబుల్ బాబాయి అనేవాళ్లు. ఆ పేరులో వెటకారం ఉందని ఆయనకు తెలుసు. తెలిసీ మురిసిపోయేవాడు. వీపున పెద్ద సంచులు తగిలించుకుని ఆసియా అంతా చుట్టబెట్టే పిల్లలు ఆ కిటికీ ముందే వరస కట్టేవాళ్లు. అందరికీ ఆయన చెప్పే కిటుకు ఒక్కటే. "పగలు ఊరు చూడండి, రాత్రి బండెక్కండి. నిద్రకు నిద్ర, దారికి దారి. ఓ రోజు కలిసొస్తుంది." ఎంతమందికి ఎన్ని రోజులు కలిపిచ్చాడో గానీ, తను మాత్రం సొంత ఊరి పొలిమేర దాటిన పాపాన పోలేదు.

రిటైరైన నెలకే రెండు వీపు సంచులు కొన్నాడు. ఒకటి తనకి, ఒకటి భార్యకి. ఆవిడ కాన్పుల వార్డులో నర్సు, ఆ ఏడాదే తనూ పని మానేసింది. ఆయనది పగటి కొలువు, ఆవిడది చాలావరకు రాత్రి డ్యూటీ. గుమ్మం దగ్గర తాళంచెవి చేతులు మారేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నదే వాళ్ల కాపురంలో ఎక్కువ భాగం.

"పన్నెండు రోజులు, మూడు దేశాలు, ఆరు నగరాలు" అని ఆయన కాగితం చదివి వినిపించాడు. ఆవిడ అంతా విని, "నాకో రాత్రి కావాలండీ" అంది. "పెద్ద ఊళ్లో దీపాలు వెలిగాక వీధులెలా ఉంటాయో చూడాలి. ఇన్నాళ్లూ రాత్రంటే నాకు వార్డే కదా."

"దానికేం భాగ్యం? ఆరు ఊళ్లున్నాయి" అన్నాడాయన.

చూడ్డానికైతే బాగానే చూశారు. కోటలెక్కారు, మ్యూజియంలో కాళ్లు పడిపోయేలా తిరిగారు, నదిలో పడవెక్కారు. కానీ పొద్దు వాలితే చాలు, ఆయన సంచి భుజానికెత్తేవాడు. రాత్రి బండి లేని చోట తెల్లవారుజాము బస్సు ఉండేది, దానికోసం ఎనిమిదింటికే దుప్పటి కప్పేసేవాడు. బండి కిటికీలోంచి ఆవిడకి వంతెన మీద ఆనుకుని నవ్వుకుంటున్న జనం కనిపించేవాళ్లు, మేడ మీద ఎవరో పాడుతూ కనిపించేవాళ్లు. చూసేలోపే బండి చీకట్లోకి పోయేది. చెప్పకుండా అర్థం చేసుకునే రకం కాదు ఈయన.

అయిదో ఊళ్లో, సాయంత్రం, వాళ్లు దిగిన హాస్టల్ నడిపే పిల్ల అడిగింది, ఊరు రాత్రిపూట చూశారా అని. నది పక్క వీధిలో బళ్లు ఆపేస్తారట, తెల్లారేదాకా పాటలూ ఆటలేనట. ఆవిడ మొగుడి జేబులోంచి కాగితం తీసి, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చదివింది.

"ఇందులో నా రాత్రి ఎక్కడుందండీ?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని వెతికాడు. లేదు. తొమ్మిదిన్నరకి బండి మాత్రం ఉంది. "ఇది తప్పితే ఆరో ఊరు పోతుందే" అన్నాడు.

"పోనీండి. మీరు వెళ్లండి, ఎల్లుండి విమానం దగ్గర కలుస్తాను." ఆ గొంతులో కోపం లేదు. మందు వేళకి వేసుకోండని చెప్పినట్టు చెప్పింది.

ఆయన వెళ్లాడు. దాచడమెందుకు, నిజంగానే వెళ్లాడు. తన బెర్తు వెతుక్కుని సంచి కింద పెట్టి కూర్చున్నాడు. ఎదుటి బెర్తు ఆవిడది, ఖాళీగా ఉంది. ప్రేమ పొంగుకొచ్చి దిగాడని చెబితే అబద్ధం. ఆ ఖాళీ చూసి ఆయనకు భయమేసింది. బండి కూత పెట్టాక దిగాడు.

నది పక్క వీధిలో ఇసకేస్తే రాలనంత జనం. గంటసేపు వెతగ్గా, డప్పులు వాయిస్తున్నవాళ్ల ముందు, పాతికేళ్ల పిల్లల మధ్య ఆవిడ కనిపించింది. చెప్పులు చేత్తో పట్టుకుని, అడుగు తప్పుతూ, తప్పినప్పుడల్లా పగలబడి నవ్వుతూ ఆడుతోంది. ఆ నవ్వు ఆయన ఎప్పుడూ వినలేదు. సిగ్గుపడ్డాడు.

ఆవిడ చూసి, రొప్పుతూ దగ్గరికొచ్చింది. "అయ్యో, బండి తప్పిందా?" అంది, నిజంగానే జాలిపడుతూ.

తన కోసం దిగి ఉంటాడన్న ఊహే ఆవిడకి రాలేదు. అలా ఎందుకు రాలేదో, అందులో ఆవిడ తప్పేమీ లేదనీ ఆయనకు తెలుసు. "ఆఁ, తప్పింది" అన్నాడు.

"సర్లెండి, ఇవి పట్టుకోండి" అని చెప్పులు ఆయన చేతిలో పెట్టి, ఆవిడ డప్పుల వైపు వెళ్లిపోయింది.