ప్లగ్గులోనే ఉండిపోయిన చార్జరు

మా చెల్లి రెండేళ్ళు చదువుకోవడానికి జర్మనీ బయల్దేరిన రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దాని మీద కాదు. మా ఇంటి మీద, మా వీధి మీద, అసలు ఈ పోర్ట్‌బ్లెయిర్ మొత్తం మీద.

మా దీవుల్లో జనానికి ఒక జబ్బుంది. ఏది మర్చిపోయినా సరే, "ఎవరో ఒకరు వెళ్తారులే, చేతికిచ్చి పంపిద్దాం" అంటారు. కొరియరు వచ్చేసరికి అది దేనికి తెప్పించామో కూడా గుర్తుండదు కాబట్టి, షిప్పెక్కే ప్రతివాడూ, ఫ్లైటెక్కే ప్రతివాడూ మాకు పోస్ట్‌మ్యానే. చెన్నై నుంచి మందులు, వైజాగ్ నుంచి మాగాయ, ఇక్కణ్ణుంచి ఎండు రొయ్యలు, అన్నీ అలా చేతులు మారుతూ వస్తాయి, పోతాయి. ఇలా బతకడానికి అలవాటు పడ్డవాళ్ళకి సామాను సర్దడం ఎక్కడ వస్తుంది? మర్చిపోయింది వెనకాలే వస్తుందని ధీమా.

"జర్మనీకి ఎవరి చేతికిస్తావమ్మా?" అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. "ఎందుకే అంత గాభరా? దొరక్కపోరు ఎవరో ఒకరు" అంది మా అమ్మ, ప్రెషర్ కుక్కర్లో ఆవకాయ సీసా ఇరికిస్తూ.

చెల్లికి చిన్నప్పటి నుంచీ వినికిడి తక్కువ. రెండు చెవులకీ మెషిన్లుంటాయి. పెట్టుకుంటే మనలాగే వింటుంది. తీసేస్తే ఎదుటివాళ్ళ పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది, అదీ బాగా తెలిసినవాళ్ళ పెదాలైతేనే. రాత్రి ఆ మెషిన్లని సబ్బుపెట్టె అంత చార్జరులో పెడితే మర్నాడంతా పనిచేస్తాయి. ఆ చార్జరు లేకపోతే కొత్త దేశంలో, కొత్త భాషలో, క్లాసులో బొమ్మలా కూర్చోవాలి. ఇంకోటి కొనాలంటే బజార్లో దొరికేది కాదు, కంపెనీవాడు వారాల తరబడి తిప్పుతాడు. ఇంత ముఖ్యమైన వస్తువు గురించి మా ఇంట్లో ఒక్కరైనా నోరెత్తారా? రొయ్యల వాసన బయటికి రాకుండా ఎన్ని కవర్లు చుట్టాలన్నదే చర్చంతా.

బయల్దేరే రోజు పొద్దున్నే మా పేట డాలీగంజ్‌లో సగంమంది మా గుమ్మంలో ఉన్నారు. పక్కింటి ఆంటీ చెన్నై హాస్టల్లో ఉన్న కొడుక్కి లడ్డూల డబ్బా తెచ్చింది. "ఎయిర్‌పోర్టుకొచ్చి తీసుకుంటాడు బేటీ, భారీ నహీ హై" అంది. బరువు లేదట! ఆ డబ్బాతో మనిషి నెత్తిన ఒక్కటిస్తే లేవడు. ఇక మా నాన్న, సిమెంటు కొట్టు నడిపే మనిషి కదా, సూట్‌కేసుని షిప్పు సామానులాగా నైలాన్ తాడుతో బిగించేశాడు. "తాళముంది కదా నాన్నా" అంటే, "తాళాన్ని ఎవడు నమ్ముతాడు?" అన్నాడు. లోపల ఏముందో, ఏం లేదో ఇంకోసారి చూద్దామన్నా ఆ ముడి విప్పే ఓపిక ఎవరికుంది?

దాన్ని ఫ్లైటెక్కించి ఇంటికొచ్చాను. దాని గదిలో ఫ్యాన్ ఆపుదామని వెళ్తే మంచం పక్కన ప్లగ్గుకి చార్జరు అలాగే ఉంది. పచ్చలైటు కూడా వెలుగుతోంది. మెషిన్లు తీసి చెవులకి పెట్టుకుని, పెట్టెని అక్కడే వదిలేసింది మహాతల్లి. నేను కేకేస్తే అమ్మ పరిగెత్తుకొచ్చింది. చూసింది. "ఎవరో ఒకరు..." అని మొదలెట్టింది.

"అమ్మా, ఇంకొక్క మాటన్నావంటే ఊరుకోను!" అని అరిచాను. అమ్మ మంచం మీద కూలబడిపోయింది.

చెల్లి జర్మనీ ఫ్లైటు ఆ రాత్రికి చెన్నై నుంచి. మధ్యాహ్నం ఇక్కణ్ణుంచి చెన్నైకి ఇంకో ఫ్లైటుంది. చార్జరు పట్టుకుని స్కూటీ మీద మళ్ళీ ఎయిర్‌పోర్టుకి పరిగెత్తాను. నేను ఇన్నాళ్ళూ తిట్టిపోసిన పనే ఇప్పుడు నేను చెయ్యాలి. గేటు ముందు లైన్లో ఉన్న ఒక్కొక్కళ్ళనీ బతిమాలాను. "నహీ దీదీ, దూసరోంకా సామాన్ నహీ లేతే" అని మొహం తిప్పుకున్నారు. వాళ్ళ తప్పేం లేదు, వైర్లున్న పెట్టె ముక్కూమొహం తెలియనిదాని దగ్గర ఎవరు తీసుకుంటారు? గేటు దగ్గర జవాను నన్ను ఎగాదిగా చూడ్డం మొదలెట్టాడు. లైను తరిగిపోతోంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి.

"ఛీ, దిక్కుమాలిన సంత! రొయ్యలు గుర్తున్నాయి, రోలు ఒక్కటే తక్కువ, పిల్లకి చెవులు మాత్రం గుర్తులేవు!" అని పైకే తిట్టేశాను.

"ఏటమ్మా, ఎవుల్ని తిడతన్నావు?" అని లైన్లోంచి ఒకావిడ. వేరే దీవిలో ఉన్న రంగత్ నుంచి వచ్చిందట, భర్త కంటి ఆపరేషన్‌కి చెన్నై తీసుకెళ్తోంది. మొత్తం కక్కేశాను. ఆవిడ చార్జరు మూత తీసి చూసింది, తిరగేసింది, వాసన కూడా చూసింది. నా ఆధార్ కార్డుకీ, నా మొహానికీ ఫోటోలు తీసుకుంది. చెల్లి నంబరు రాసుకుంది.

"ఇదొక్కటే గదా? మల్లీ చేపలూ అయీ ఏటీ లేవు గదా?"

"ఒట్టండీ, ఇదొక్కటే."

"అయితే ఇలాగియ్యి. పిల్లకి ఇనపడాల గదా" అని జవానుకి కూడా మూత తీసి చూపించి లోపలికెళ్ళింది.

ఆవిడ వస్తోందని చెల్లికి మెసేజ్ పెట్టి, సాయంత్రం దాకా నేను వరండాలోనే ఉన్నాను. అమ్మ టీ తెచ్చిపెడితే చల్లారిపోయింది. దారిలో సెక్యూరిటీవాళ్ళు లాక్కుంటే? అంత జనంలో చెల్లి ఆవిడని పోల్చుకోలేకపోతే? పది నిమిషాలకోసారి ఫోన్ తీసి చూసుకున్నాను. చివరికి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మెసేజొచ్చింది, మా చెల్లికి తెలుగు చదవడం రాదు కాబట్టి. "దొరికింది అక్కా."

వెంటనే ఫోన్ చేశాను. ఎత్తింది. అంతే, వాయించేశాను. ఒళ్ళు దగ్గర పెట్టుకోవద్దా? అక్కడ ఏదైనా మర్చిపోతే ఎవరి చేతికిచ్చి పంపాలి? నీకు వినపడనప్పుడు పక్కన నుంచుని మళ్ళీ చెప్పడానికి అక్కడ నేనుంటానా? అలసిపోయేదాకా తిట్టాను. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ పెట్టేసింది. మెసేజొచ్చింది: "చెవులు చార్జింగ్‌లో పెట్టేశాను. ఏం వినపళ్ళేదు. వీడియోలో రా, నోరు చూస్తాను."

వీడియో కలిపాను. వెనక ఎయిర్‌పోర్టు జనం, ముందు దాని మొహం, కళ్ళు రెండూ నా పెదాల మీద. మళ్ళీ మొదట్నుంచీ తిడదామనే నోరు తెరిచాను.

చెల్లి కళ్ళు చిట్లించింది. ఫోన్ ఇంకా దగ్గరికి తీసుకుంది. తన గొంతు తనకి వినపడదు కదా, చుట్టుపక్కలవాళ్ళందరూ తిరిగి చూసేలా అరిచింది.

"అక్కా, పెదాలలా వణికిస్తే నాకేం అర్థమవుతుంది? సరిగ్గా చెప్పు!"